కుదవపెట్టిన గంటయ్య

జుంజప్ప అని ఒక కురుబాయన, పెన్న ఏటికి ఈ పక్క ఊర్లో ఉండేవాడంట. ఆయప్ప పెండ్లాము కెంచమ్మ. పిల్లాజెల్లా లేరు, ఉండేదల్లా గొర్లమంద. మంద అంటే శానా పెద్ద మంద అనుకునేరు, చెప్పుకోడానికి మంద, అంతే. మనిషి ఎట్లాటోడంటే, మాట ఇచ్చినాడనుకో, ఆ మాటెనక తలకాయ గూడా ఇచ్చేసే రకం. ఆయమ్మ ఎట్లాటిదంటే, ఆ తలకాయను మళ్ళా తెచ్చి మెడమింద పెట్టే రకం. ఏమే, చేతులాడించండి, కత మొదులుపెడితే చాలు చెనిక్కాయలు ఒలిచేది మరిచిపోతారు మీరు. నోరు నాది, చేతులు మీవి, అట్ల గదా మనం మాట్లాడుకున్నది? ఆ. ఆ మందలో ఒక పొట్టేలు. దాని తల్లి ఈనిన నాడే సచ్చిపోతే కెంచమ్మ దానికి రాగంబలి తాపి, కొంగులో చుట్టుకొని సాకింది. పెద్దదయినాక మెడకు గంట కట్టినారు, అందుకని దానికి గంటయ్య అని పేరు. గొర్లకు బుద్ధి లేదంటారు గదా. బుద్ధి లేనిమాట నిజమే గానీ, ఎవురెనక పోవాల్నో మాత్రం బాగా తెలుసు వాటికి. గంటయ్య వంక దాటితే మందంతా వంక దాటుతాది. గంటయ్య నిలబడి తుమ్మచెట్టుకు ఒళ్ళు రుద్దుకుంటాడా, మందంతా నిలబడి, ఆయన రుద్దుకునేది అయిపోయేదాకా చూస్తా ఉంటాది.

ఇంగో మాట. మీకు తెలుసు గానీ ఈ రాసుకునే సారుకు తెలీదు గదా, సారూ, ఇది మాత్రం గెట్టిగా పట్టుకో, ముందుకు పనికొస్తాది. చేన్లు ఖాళీగా ఉండే కాలంలో రైతులు గొర్లోళ్ళను పిలుస్తారు. పొద్దు మునిగినాక మంద వచ్చి చేన్లో పండుకుంటే ఆ పెంటికలు, ఆ ఉచ్చ, అంతా భూమికి బలం. ఊరికే పండుకోదు, రాత్రికింత అని రైతు గింజలు కొలవాల. దానికి మా పక్క ఒక పద్ధతి. కాయితం లేదు, సాచ్చి లేదు. రైతు తన చేన్లో తన చేత్తో గూటం కొట్టి, తన చేత్తోనే మందలో గంట పొట్టేల్ని ఆ గూటానికి కట్టేస్తాడు. కట్టినాడంటే బేరం కుదిరిపోయినట్టే. మళ్ళా విప్పి పంపించేదాకా గింజలు కొలవాల్సిందే. కట్టినంక నాకొద్దు అంటే ఊరు ఊకోదు. రాసుకున్నావా? సరే.

ఇప్పుడు ఏమైందంటే, ఒక ఏడాది గొర్లకు రోగం తగిలి సగం మంద పొయ్యింది. జుంజప్ప ఏడవల, ఏడ్చినా గొర్రె రాదు గదా అని, ఓబులయ్య సెట్టి దగ్గరికి పోయి అప్పు తెచ్చి మళ్ళా గొర్లు కొన్నాడు. ఎంత అప్పు అంటావా? కతలో అప్పు ఎంతని అడగగూడదు సారూ. ఎవురి అప్పు వాళ్ళకు కొండంత. ఉన్ని కత్తిరించినప్పుడు ఒక కిస్తీ, గొర్రెపిల్లలు అమ్మినప్పుడు ఒక కిస్తీ, అట్ల మాట. మొదటి ఏడాది బాగనే కట్టినాడు. సెట్టి గూడా మంచోడే అనుకో, కట్టినప్పుడల్లా ఇంత బెల్లంముక్క చేతిలో పెట్టి పంపించేవాడు. రెండో ఏడు వాన రాల. వాన రాకపోతే గడ్డి లేదు, గడ్డి లేకపోతే పాలు లేవు, పిల్లలు నిలబడవు, ఉన్ని దబ్బనమంత గూడా పెరగదు. కానీ వడ్డీ ఉండాది చూడు, దానికి వానతో పని లేదు. అది ఎండలో గూడా పెరుగుతాది.

ఆలుమగలిద్దరూ కిస్తీ కట్టాలని పడిన పాట్లు చెప్తే మీకు నవ్వొస్తాది, నాకు ఏడుపొస్తాది. జుంజప్పకు ఆకూవక్కా అంటే ప్రాణం. మానేసినాడు. నోరు ఊరికే ఉండక చింతపిక్క ఒకటి బుగ్గన పెట్టుకొని తిరిగేవాడంట, ఎవురన్నా ‘ఏం జుంజప్పా, వక్క నములుతాండావా’ అంటే, ‘ఆ, ఇది మైసూరు వక్క, అరగదు’ అనేవాడంట. కెంచమ్మ కాళ్ళ కడియాలు అమ్మి ఒక కిస్తీ కట్టింది. ‘ఏమే, కడియాలేవి’ అంటే ‘బరువయ్యా, నడుస్తాంటే కాళ్ళు గుంజుతాండాయి, తీసేస్తి’ అనింది. దీపం నూనె మిగులుతాదని పొద్దుతోనే పండుకునేది. ఊరోళ్ళ గొంగళ్ళు చినిగితే కుట్టేది, కూలికింద ఇన్ని రాగులు తెచ్చేది. ఆ రాగులతో దినానికి ఒకటే ముద్ద అయితాది. మిగిలిందానికి పల్చటి అంబలి, మొగం కనపడేంత పల్చన.

ఆ ఒక్క ముద్దను పొద్దున సద్దిగుడ్డలో కట్టి మొగునికి ఇస్తాది. ‘నువ్వు తినవా?’ ‘నేను ఎప్పుడో తింటి.’ తినిందా? తినల. ఆయప్ప కొండకు పోయి మధ్యాన్నం మూట విప్పుతాడు, ముద్దను చూస్తాడు. అది తినిందో లేదో అని మళ్ళా మూట కట్టేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ‘కొండలో రేగిపండ్లు ముక్కుదాకా తిన్యా, ఈ ముద్ద నువ్వు తినెయ్’ అంటాడు. కరువులో రేగిపండ్లు యాడివి? ఆయమ్మ ఏమన్నా తక్కువదా? ‘నాకు కడుపుబ్బరంగా ఉండాది, నువ్వే తిను’ అంటాది. నువ్వంటే నువ్వని ఆ ముద్ద అట్లే చట్టిలో తెల్లార్తాది. తెల్లారేసరికి ఎండి రాయి అయితాది. సంగటిముద్దను పారేసే చేతులా అవి? తీసుకపోయి గంటయ్యకు పెట్టేది. దినామూ ఇదే కత. జుంజప్ప ఎండిపోతాండాడు, కెంచమ్మ ఎండిపోతాంది, గంటయ్య మాత్రం బలిసి మద్దెల మాదిరి అయిపోయినాడు. కరువులో ఊరంతా ఎముకలు కనపడే గొర్లయితే, అదొక్కటే నిగనిగా మెరుస్తాంది.

కిస్తీ పొద్దు దాటిపాయ. ఓబులయ్య సెట్టి ఇంటికే వచ్చినాడు. కెంచమ్మ అప్పుడు ఇంట్లో లేదు, రెడ్లింట్లో గొంగడి కుట్టను పోయిండె. జుంజప్ప లేచి గొంగడి పరిచి, ‘కూచో సామీ’ అన్నాడు. ‘కూచునేదానికి రాల జుంజప్పా. నీకు తెలీదు, నాకూ పైన ఒక సావుకారి ఉండాడు ప్రొద్దుటూర్లో. నువ్వు నాకు కట్టకపోతే నేను ఆయనకు కట్టలేను, ఆయన నీ మాదిరి గొంగళ్ళు పరచడు’ అన్నాడు. నిజమే గదా పాపం. సెట్టికి పైన సెట్టి, ఆ సెట్టికి పైన ఇంగో సెట్టి, కట్టకడాకు ఎవురుండారో మనకేం తెలుసు. జుంజప్ప తల వంచుకొని, ‘ఉన్ని లేదు సామీ, పిల్లలు లేవు సామీ, వానొస్తే కడతా’ అంటాండాడు. అప్పుడు దొడ్డిలోనుంచి గంటయ్య బయటికొచ్చినాడు, అల్లుడొచ్చినట్టు. సెట్టి కండ్లు ఇంతింతయినాయి. ‘ఏమప్పా! తినను లేదు, కట్టను లేదు అంటావు, ఇంత బలిసిన పొట్టేల్ని దాచిపెట్టుకున్యావే!’ అన్నాడు. జుంజప్ప ఏం చెప్తాడు? మేము తినకపోతే అది బలిసింది సామీ అని చెప్తాడా? చెప్పల్యా. ‘దీన్ని కుదవ పెట్టు. జాతర లోపల కిస్తీ కడితే నీ పొట్టేలు నీకు, కట్టకపోతే జాతరలో అమ్ముకొని ఆ దుడ్లు జమ వేసుకుంటా. సరేనా?’ ‘సరే సామీ’ అన్నాడంట ఈ మహానుభావుడు. జాతరలో అమ్మడమంటే ఏమి, సుంకులమ్మ ముందర కత్తి కింద పెట్టడమే గదా. తెలిసే అన్నాడు. మాట అడిగితే ఇచ్చేయడమే, అదీ ఆయప్ప సంగతి.

సెట్టి ఇంటెనకాలే వాళ్ళ నాయన కాలం నాటి చేను ఒకటి ఉండాది. సెట్టికి చేద్యం తెలీదు, అంగడి తప్ప, చేనంతా బీడు పడిపొయ్యింది. ఇంట్లో కట్టేస్తే కంపు అని, జుంజప్ప గంటయ్యను తోలకొస్తే, సెట్టి తనే రాయి తీసుకొని ఆ చేన్లో గూటం కొట్టినాడు. ఎక్కడ కట్టినట్టే కట్టి ఇడిపించుకొని పోతాడో అని జుంజప్పను ముట్టనియ్యల్యా, తన చేత్తోనే తాడేసి బిగించినాడు. జుంజప్ప నోరు తెరిచినాడు, మళ్ళా మూసుకున్నాడు. ఏం యల్లక్కా, నవ్వుతాండావే? నీకు తెలిసిపొయ్యిందిలే. సెట్టికి తెలీల్యా పాపం. ఊకో, చెప్పద్దు.

కెంచమ్మ ఇంటికొచ్చి చూస్తే గంటయ్య లేడు. సంగతి ఇనింది. రేగిపొయ్యింది. ‘రోలుండె, చట్టిలుండె, నా గొంగడుండె, అవి ఇయ్యరాదా?’ ‘సెట్టి గంటయ్యనే అడిగినాడే.’ ‘అడిగితే ఇచ్చేసేదా? రేపు నన్నడిగితే నన్నూ ఇచ్చేస్తావా?’ ‘నిన్నెవురు అడుగుతారే, నీ నోరు తెలిసినోళ్ళు!’ అన్నాడు జుంజప్ప. నవ్వు రాకూడని చోట నవ్వొచ్చింది ఆయమ్మకు, నవ్వుతానే ఏడ్చింది. అది బిడ్డ గదమ్మా ఆయమ్మకు. ఒళ్ళో పెట్టుకొని సాకిన బిడ్డ. జాతరనాడు మెడలో పూలదండ వేసి తోలకపోతారే అని తలుచుకొని, పొయ్యి ముందర కూచోని పొయ్యి గూడా ఎలిగీల్యా ఆ దినం.

పొద్దున జుంజప్ప దొడ్డి తడిక తీసినాడు. కొండదిక్కు తోలబోతే ఒక్క గొర్రె కదిలితే ఒట్టు. చెవులు నిక్కబొడుచుకొని నిలబడినాయి. ఊర్లోనుంచి గంట చప్పుడు, టంగు టంగు మని. అంతే, మందకు మంద తిరుక్కొని ఊర్లోకి పరుగు. సందుల్లో పడి, తిన్నెలెక్కి, ఎవురిదో పిండి చాట తన్నేసి, పోయి సెట్టి చేన్లో గంటయ్య చుట్టూ పండుకున్నాయి. జుంజప్ప పోయి అదిలించినాడు, కట్టె చూపించినాడు, బతిమలాడినాడు. ఊహూ. పొద్దు మునిగినా రాల. సెట్టి ఎనక వాకిట్లో నిలబడి చూసి మురిసిపోయినాడంట. ఒకటి కుదవ పెట్టుకుంటే మందంతా కుదవకొచ్చె, అప్పిచ్చినోని అదృష్టం అంటే ఇదీ, అనుకున్నాడంట. అనుకోనీలే.

తెల్లారేపాటికి సెట్టి ఎనక వాకిట్లో పెట్టుకున్న గుమ్మడి తీగ లేదు. అనపచెట్లు లేవు. ఆరేసిన పంచె అంచు లేదు. సెట్టి లబలబా కొట్టుకొని, ‘జుంజప్పా, నీ గొర్లను తోలకపోప్పా!’ అన్నాడు. ‘అవి నా మాట యాడింటాయి సామీ, గంట మాట ఇంటాయి గానీ’ అన్నాడు ఈయప్ప. ‘గంటే గదా?’ అని సెట్టి మా తెలివిగా గంటయ్య మెడలోని గంట విప్పి చేతికిచ్చినాడు. పొట్టేలు నాకు, గంట నీకు అని. జుంజప్ప ఆ గంట తీసుకపోయి ఇంగో గొర్రె మెడకు కట్టినాడు. అది ఆ చప్పుడుకు తానే జడుసుకొని ఎగిరి గంతేసి, పరుగెత్తి పోయి గంటయ్య పక్కనే పండుకునింది. మంద అంతా తలకాయ తిప్పి ఒకసారి చూసి, మళ్ళా నెమరేసుకుంటా ఉండాది. సెట్టి గంట అమ్మగలడు, కొనగలడు, గంట ఎవురి మెడలో మోగాల్నో ఆయనకేం తెలుస్తాది.

ఇట్లా దినాలు పోతాండాయి. గంటయ్య ఇంట్లో లేడు గాబట్టి ఆలుమగలు ఇప్పుడు ఆ ఒక్క ముద్దను చెరిసగం చేసుకుంటాండారు, ఎవురి సగం వాళ్ళు తింటాండామని చెప్పుకుంటాండారు. మంద కదలదు గాబట్టి జుంజప్ప పొద్దున లేచి కొండకు పోయి తుమ్మమండలు, రేగుమండలు కొట్టి మోపు కట్టి సాయంత్రానికి తెచ్చి ఏసేవాడు. సెట్టి ఇంటెనక వసారాలో ఒక ముసిలామె కూచోని ఉంటాది, సెట్టి తల్లి, తిరుపాలమ్మ. ఊరంతా తిరుపాలవ్వ అంటారు. కండ్లు మసకేసినాయి, కాళ్ళు రావు, కానీ ఎవురేం చేస్తాండారో అన్నీ కావాల ఆయమ్మకు. నా మాదిరే అనుకోండి. ఆయమ్మ ఏం చూసిందంటే, పొద్దున జుంజప్ప కొండకు పొయినాక కెంచమ్మ వస్తాది, చేన్లో అటూ ఇటూ చూసి, కొంగులోనుంచి అరముద్ద సంగటి తీసి గంటయ్య నోట్లో పెట్టి, మెడ నిమిరి, ఏమో చెవిలో చెప్పి పోతాది. సాయంత్రం జుంజప్ప వస్తాడు, మోపు దించి, అటూ ఇటూ చూసి, సద్దిగుడ్డలోనుంచి అరముద్ద సంగటి తీసి గంటయ్య నోట్లో పెట్టి, మెడ నిమిరి, ఏమో చెవిలో చెప్పి పోతాడు. ఆమె వచ్చేది ఈయనకు తెలీదు, ఈయన పెట్టేది ఆమెకు తెలీదు. ‘తిన్యావామ్మా?’ అని కెంచమ్మను అడిగితే ‘ఎప్పుడో తింటి అవ్వా’ అంటాది. ‘తిన్యావా నాయనా?’ అని జుంజప్పను అడిగితే ‘ముక్కుదాకా తింటినవ్వా’ అంటాడు. ముసిల్ది ఊరికే ఊకొడతాంది గానీ, కడుపులో పెట్టుకుంటాంది అంతా.

జాతర రానే వచ్చె. ఆ ముందునాడు సెట్టి బేరగాన్ని పిలిపించినాడు, జాతరకు పొట్టేళ్ళు కొనేటోన్ని. వాడు వచ్చి గంటయ్య వీపు తట్టి చూసి, ‘బలే ఉండాది సామీ, కరువులో యాడ మేపినారో’ అని మెచ్చుకున్నాడు. గూటం దగ్గర తాడు విప్పలేక కొడవలితో కోసి, పట్టుకొని బయల్దేరినాడు. నాలుగడుగులు ఏసినాడో లేదో, మందంతా లేచింది. వాడు పోతే పోతాంది, వాడు నిలబడితే నిలబడతాంది. సందులో ముందర వాడు, వానెనక గంటయ్య, గంటయ్యెనక మంద, మందెనక ‘ఓ ఓ’ అంటా జుంజప్ప, ఆయనెనక ఊర్లో పిల్లోళ్ళంతా. బేరగాడు తిరుక్కొని చూసి, ‘సామీ, నేను కొనింది ఒకటే గదా, ఈ పెండ్లి ఊరేగింపేంది?’ అన్నాడంట. ఊరోళ్ళు తిన్నెలమింద నిలబడి ఒకటే నవ్వు.

నవ్వనిది కెంచమ్మ ఒక్కతే. కొంగు నడుముకు చుట్టుకొని సందుకడ్డం నిలబడింది. ఏం చెయ్యాల్నో తెలీదు ఆయమ్మకు. కిస్తీ కట్టను లేదు, మొగుడు మాట ఇచ్చినాడు, మాట తప్పమనను నోరు రాదు. ఊరికే గంటయ్య మెడ కౌగిలించుకొని కూచునింది. ఏడుపే ఏడుపు. ఏడుస్తా ఏడుస్తా మెడకు తగులుకున్న ఆ తాడు ముడి చేతికి తగిలింది. చూసింది. ఏడుపు ఆగింది. కురుబోళ్ళు వేసే ముడి ఒకటుండాది, గొర్రె గింజుకుంటే గొంతుకు పడకుండా. ఇది అది కాదు. ఇది అంగట్లో బస్తామూతికి వేసే ముడి. మొగుడే కట్టినాడని గదా అనుకునింది ఇన్ని దినాలూ. మెల్లగా లేచి, కండ్లు తుడుచుకొని, ‘సామీ, చేన్లో గూటానికి గంటయ్యను ఎవురు కట్టిరి?’ అనింది. సెట్టికి ఆ మాటెనక ఏముందో తెలీదు గదా, అందురి ముందర పౌరుషంగా, ‘ఎవురేమి? నా చేన్లో నేనే గూటం కొట్టినా, నా చేత్తో నేనే కట్టినా. నీ మొగున్ని ముట్టనిస్తానా? ఏం, తప్పా?’ అన్నాడు.

తిన్నెలమింద నవ్వు ఆగిపాయ. ఊరంతా సెట్టి మొగం చూస్తాంది. ఆ ఎంటనే మళ్ళా నవ్వినారు చూడండి, ఇంతకు ముందరి నవ్వు నవ్వే కాదు. కెంచమ్మ అనింది, ‘తప్పేముంది సామీ. మందను నిలుపుకున్న రైతు ఎవురైనా అట్లే కడతాడు. నీ చేన్లో మంద పండుకుంది. ఈ పొద్దుటిదాకా ఎన్ని రాత్రులయితే అన్ని రాత్రుల గింజలు కొలుచు. కుదవ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.’ సెట్టి, ‘నేనేమన్నా పిలిచినానా మందను? అదే వచ్చింది!’ అన్నాడు. ‘గంటయ్యను కట్టినోడే మందను పిలిచినోడు. అడుగు, ఎవురినన్నా అడుగు’ అని, ఎనక్కు తిరిగి మొగున్ని పట్టుకునింది. ‘ఏమయ్యా, సెట్టి కట్టేటప్పుడు నువ్వు చూస్తాంటివా లేదా?’ ‘చూస్తి.’ ‘చూసి చెప్పవా?’ ‘అప్పున్నోన్ని గదే, నేనెట్ల నోరెత్తేది...’ అని గొణిగినాడు జుంజప్ప. ‘అప్పుంటే తల వంచుకోమన్నారు గానీ నోరు కుట్టేసుకోమన్నారా!’ అనింది. ఆ మాట మా ఊర్లో ఇప్పటికీ అంటారు సారూ. రాసుకో.

సెట్టి ఇంగా, ‘నేను అంగడోన్ని, నేనేమన్నా రైతునా’ అని ఎగురుతాండాడు. అప్పుడు కట్టె టకటకలాడించుకుంటా తిరుపాలవ్వ వచ్చింది. కాళ్ళు రావంటి గదా, ఆ దినం వచ్చినాయి. ‘ఒరే ఓబులయ్యా, చేను నీదైతే నువ్వు రైతువే. నువ్వు రాయితో గూటం కొడతాండేది వసారాలోనుంచి నేను చూస్తాంటి. నా కొడుక్కు ఇన్నాళ్ళకు భూమ్మింద బుద్ధి పుట్టె, మందను నిలుపుకుంటాండాడు అని మురిసిపోతి గదరా. మీ నాయన గూడా అట్లే కట్టేవాడు, అట్లే గింజలు కొలిచేవాడు. కొలువు పో’ అనింది. తల్లిమాటకు సెట్టి నీరుగారిపోయినాడు. ఊరోళ్ళు అంతా ఉండారు, తల్లి ఉండాది, తన నోట్తో తనే చెప్పుకున్నాడు, యాడికి పోతాడు?

ముసిల్ది అంతటితో ఊకుందా? ఊకోలేదు. ఆలుమగలిద్దరినీ దగ్గరికి రమ్మనింది. ‘మీ ఇద్దరికీ బుద్ధుందా? పొద్దున నువ్వొచ్చి నీ నోటి ముద్ద దీనికి పెడతావు, తింటి అవ్వా అంటావు. సాయంత్రం వీడొచ్చి వీని నోటి ముద్ద దీనికి పెడతాడు, తింటినవ్వా అంటాడు. ఇద్దరూ నాకు అబద్దం చెప్తే సరే, నేను ముసిల్దాన్ని. ఒకరికొకరు ఎందుకు చెప్పుకుంటారే?’ అనింది. కెంచమ్మ మొగున్ని చూసింది. జుంజప్ప పెండ్లాన్ని చూసినాడు. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండారు, ఆ సందులో నిలబడి చూసుకున్నారు ఒకరినొకరు, ఎంత చిక్కిపోయినారో. ‘నువ్వు తినల్యా?’ అన్నాడు ఆయప్ప. ‘నువ్వు తినల్యా?’ అనింది ఆయమ్మ. ఊరోళ్ళ ముందరే ఆయప్ప పెండ్లాము చెయ్యి పట్టుకున్నాడంట. ఆ కాలంలో అట్ల పట్టుకునేది లేదమ్మా. పట్టుకున్నాడు.

సెట్టి మనిషే గదా. ఆ ఇద్దరినీ చూసి, ‘రాండప్పా’ అని ఇంటికి తోలకపోయినాడు. గాదె తెరిచి గింజలు కొలిపించినాడు. ఆ గింజలకు వెల కట్టి కిస్తీకి సరి చేసినారు, ఇంగా కొన్ని శేర్ల రాగులు మిగిలితే కెంచమ్మ కొంగులో పోసినాడు, మిందికి బెల్లంముక్క గూడా పెట్టినాడు. బేరగాడు ఉత్తచేతుల్తో పాయ. గంటయ్య మెడకు మళ్ళా గంట కట్టినారు. ఆ ఒక్క కిస్తీనే తీరింది, అప్పంతా కాదు సుమా. అప్పు అంత సులభంగా తీరిపోతే దాన్ని అప్పని ఎవురంటారు? కానీ ఆ తర్వాత వాన పడింది. సెట్టి బీడులో ఎవురో ఇన్ని కొర్రలు చల్లితే, మందపడిన భూమి గదా, కొర్ర నడుమెత్తు లేచి కంకి ఏసింది. ఆ పంటతో సెట్టి ప్రొద్దుటూరు సావుకారికి కట్టుకున్నాడు. మరుసటేడు ఆయనే జుంజప్ప ఇంటికొచ్చి, ‘ఏమప్పా, గంటయ్యను తోలకరా, గూటం కొట్టి పెట్టినా’ అన్నాడు. అట్ల ఏడాదికింత ఏడాదికింత, గొర్లు పండుకొని పండుకొని తీర్చినాయంట ఆ అప్పును.

తిరుపాలవ్వ ఒక కట్టుబాటు పెట్టింది. మంద చేన్లో ఉన్నన్నాళ్ళూ ఆలుమగలిద్దరూ ఆయమ్మ వసారాలో, ఆయమ్మ కండ్ల ముందర, ఒకే సారి కూచోని తినాల. ఎవురి ముద్ద వాళ్ళే తినాల. చట్టి బోర్లించి చూపిస్తే గానీ లేవనిచ్చేది కాదు. చూపు ఆనకపోతే చెయ్యి పెట్టి తడిమి చూసేదంట ముసిల్ది. ఆ ఏడాదినుంచి గంటయ్య సన్నబడినాడు.

అంతేనమ్మా కత. ఇప్పుడు కుదవంటే బ్యాంకిలో బంగారు పెడతాండారు. నా కమ్మలు గూడా ఆడనే ఉండాయి, మీ తాత పెట్టినాడు, ఎప్పుడొస్తాయో ఆ కమ్మలకే తెలీదు. బంగారానికి ఎనక మంద లేదు, అది పోతాంటే దానెనక ఒక గొర్రెపిల్ల గూడా నడిచిరాదు. సరేలే. పొద్దుపోతాంది, ఆ చాటలో ఉండేటివి ఒలిచేసి లేయండి. ఇండ్లకు పోయినాక మాత్రం ఒక పని చేయండి. మీ వాకిట్లో కుక్కనో పిల్లినో ఒకసారి చూడండి. అది బాగా బలిసి ఉండిందనుకో, ఇంట్లో ఎవురు తినకుండా తిన్యా అంటాండారో కనుక్కోండి.